వదిన దించిన నీళ్ళు

ఊరి పక్క మడుగుకు మూడు తూములు. ఆ మూడింటి తాళాలూ ఒకే గుత్తిగా ఆవిడ నడుముకు వేలాడుతుండేవి. అందుకే ఊరంతా ఆవిణ్ణి తూమక్క అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా ఆరా తీస్తే, "ఉన్న మూడు తూముల కాపలాకే నా ప్రాణం చాలట్లేదు, నాలుగోదాన్ని ఎక్కడ తెచ్చుకోను?" అనేది. అడిగినవాళ్ళు నవ్వేసి ఊరుకునేవారు.

మడుగంటే లోతైన చెరువేం కాదు. నదికీ ఊరికీ మధ్య పరుచుకున్న పల్లం. చాలాచోట్ల మోకాటి లోతు, ఎక్కడో కొన్నిచోట్ల నడుం లోతు. అంచుల వెంట మనిషెత్తు జమ్ము, దాని ముందు తుంగ, నీళ్ళ అడుగున చిక్కుపడిన జుట్టులా నాచు. నది వైపు తూములు రెండూ నీళ్ళు లోపలికి తెస్తాయి, కింది వైపుది బయటికి పంపుతుంది. షట్టరు మీద ఇనప చక్రం తిప్పుతూ నీటిమట్టం సరిచూసుకోవడం ఆవిడ ఉద్యోగం. ఆవిడకు ముందు వాళ్ళ నాన్న అదే పని చేశాడు. గట్టు మీద రెండు గదుల క్వార్టర్సు, పొడిగా, గాలి బాగా వచ్చేవి, ఆయన కాలం నుంచీ వాళ్ళవే.

ఆవిడ చెల్లెలు మాత్రం పల్లపు వీధిలో ఉండేది. మడుగుకు ఆనుకునే ఉంటుందా వీధి. ముందు గదిలో టైలరింగ్ షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. మరిది మంచి పనివాడు, అంతకు మించి మాటకారి. "మనుషుల్ని నమ్మకపోయినా ఫరవాలేదు గానీ టేపుని నమ్మాలి వదినా. నడుం గురించి నిజం చెప్పేది ఈ లోకంలో అదొక్కటే" అనేవాడు, మెళ్ళో టేపు సవరించుకుంటూ. అతని చేత కోటు కుట్టించుకోవాలని పక్క ఊళ్ళనుంచి వచ్చేవారు. కాలరు దగ్గర అతని కుట్టు కనపడేది కాదు.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. మడుగు నిండింది, నిండిన నీరు భూమిలోంచి ఊరడంతో పల్లపు వీధి ఇళ్ళన్నిట్లోనూ నేల చెమ్మగిల్లింది. పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి మళ్ళీ తడి. గుడ్డల తానులకు బూజు పట్టింది. గోడలకు మోకాలెత్తు వరకూ సున్నం పెచ్చులుగా రాలిపోయింది.

ఒకరోజు చెల్లెలు గట్టు మీదికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, వీధిలో ఏమంటున్నారో తెలుసా? తాళాలు నడుముకి కట్టుకుని తిరగడమే గానీ సొంత చెల్లెలింట్లో చెమ్మ ఆపలేకపోయింది అంటున్నారు."

"అననీ. నోళ్ళకి షట్టర్లుండవు కదా."

"నవ్వులాటగా ఉందా నీకు? కొత్త కోటు గుడ్డ తానుకి తానే పాడైపోయింది. ఆయన పైకి జోకులేస్తున్నాడు గానీ, నిన్న ఆ తాను పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. మడుగు దించెయ్. ఒక్కసారి ఎండనీ. ఆ జమ్ము కూడా కోయించెయ్, గాలాడుతుంది."

వారానికి జానెడుకు మించి దించకూడదని ఆఫీసు రూలు. ఎందుకో ఆవిడకు తెలీదు. ఒకప్పుడు సూపర్వైజర్ని అడిగితే, "పైనుంచొచ్చింది, పాటించు. నాకు మాత్రం చెప్పారా?" అన్నాడాయన. ఆ సూపర్వైజరే ఇప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. అడిగేవాళ్ళు లేరు.

చెల్లెలి మీద ప్రేమతోనే చేసిందంటే సగమే నిజం. వీధి అన్న మాట ములుకులా గుచ్చుకుంది. తూమక్క తలుచుకుంటే ఏం చేయగలదో చూపించాలన్న పంతం మిగతా సగం. మర్నాడే కింది తూము చక్రం చివరికంటా తిప్పేసింది. అంతదాకా ఎప్పుడూ తిప్పని మరలకు పట్టిన తుప్పు కిర్రుమంది. నీళ్ళు ఉరుకులు పరుగులుగా పోయాయి.

వారం తిరక్కుండా మడుగు అడుగు బయటపడింది. అంచుల్లోని నీళ్ళు గుంటలు గుంటలుగా విడిపోయాయి. ఆ గుంటల్లో ఏవేవో పురుగులు కుతకుత ఉడుకుతున్నట్టు మెసిలాయి. నత్తలు మూతులు బిగించుకుని బురదలో బోర్లా పడ్డాయి. వేలెడంత రొయ్యలు పక్కకు ఒరిగి కాళ్ళాడించాయి. తెల్లకొంగలు ఎక్కణ్ణుంచి వచ్చాయో గుంపులు గుంపులుగా వాలి కడుపారా తిన్నాయి. పల్లపు వీధి జనం సాయంత్రాలు పిల్లల్ని వెంటేసుకొచ్చి గట్టు మీద నిలబడి చూశారు. "ఎంత అందంగా ఉందో చూడండి తూమక్క పుణ్యమా అని" అన్నారు. ఆవిడక్కూడా అందంగానే కనిపించింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆవిణ్ణి ఎక్కువ కాల్చింది అదే. కళ్ళెదుట చావు జరుగుతుంటే తను మురిసిపోయింది.

బురద గట్టిపడ్డాక కూలీలు దిగి జమ్మూ తుంగా మొదలంటా కోసేశారు. కోసింది మోసుకెళ్ళడం ఖర్చని అక్కడే కుప్పలు పెట్టారు. ఇళ్ళల్లో గచ్చు ఆరింది. చెల్లెలు తలుపులన్నీ బార్లా తీసి తానులు ఎండేసుకుంది. వీధివాళ్ళు తూమక్కకు టీలు పోశారు, దుప్పటి బహుమతిచ్చారు. మరిది ఆవిడ కొలతలు తీసుకుని బూడిదరంగు కోటు కుట్టాడు. "గవర్నమెంటువాళ్ళు యూనిఫాం ఇవ్వకపోతేనేం వదినా, నేనిస్తున్నాను. భుజాలు కాస్త వెడల్పు పెట్టాను, ఊరిని మోసే భుజాలు కదా" అన్నాడు.

సూపర్వైజరు వచ్చే లోపల మట్టం సరిచేయాలని కింది తూము మూసి నది తూములు ఎత్తింది. కొత్త నీళ్ళు కోసిన జమ్ము కుప్పల మీంచి పాకాయి. వారం పది రోజులకు ఆ కుప్పలు కుళ్ళి నీళ్ళు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. వాసన.

అప్పుడొచ్చింది పురుగుల టీచరమ్మ. కాలేజీలో పాఠం చెప్పే అమ్మాయి. ఏటా కొన్నిసార్లు రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చి, పొడుగు కర్ర వలతో మడుగు దేవి, వచ్చినవాటిని తెల్ల ట్రేలో పోసి చూసుకునేది. పరీక్షల పనిలో పడి ఆ మధ్య రాలేదు. ఆ రోజు వల ముంచి, ట్రేలో పోసి, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

"అక్కా, ఇలా రా."

ట్రే నిండా దోమ పిల్లలు. కామాల్లా వంకర్లు తిరుగుతూ పైకీ కిందికీ. అవి తప్ప ఇంకేం లేవు.

"ఇదివరకు వలేస్తే ఏమొచ్చేవో గుర్తుందా? తూనీగ పిల్లలు, వెల్లకిలా ఈదే పురుగులు, నల్ల పెంకు పురుగులు. దోమ పిల్లల్ని తినేవి అవే. వాటిలో ఒక్కటీ లేదు. నీళ్ళు ఎప్పుడు దించారు? ఒక్కసారిగా దించారా?"

"అదే... మామూలుగానే. ఎప్పట్లాగే" అంది తూమక్క. నోరు తనది కానట్టు మాట్లాడింది. తేలు కుట్టిన దొంగలా అక్కణ్ణుంచి జారుకుని, చక్రానికి గ్రీజు పెట్టే పని లేకపోయినా పెట్టుకుంది.

సాయంత్రాలు దోమలు పొగలా లేవడం మొదలైంది. పల్లపు వీధిలో కిటికీలు మూసుకుని కూర్చున్నా లాభం లేకపోయింది. నెల తిరిగేసరికి జ్వరాలు. ఒకింట్లో లేచేసరికి ఇంకో ఇంట్లో పడ్డారు. జ్వరం తగ్గినా కీళ్ళ నొప్పులు వదలని జ్వరమది. చెల్లెలికొచ్చింది, తగ్గింది. మరిదికొచ్చింది. జ్వరం పోయింది గానీ వేళ్ళు వాచి అలాగే ఉండిపోయాయి. కత్తెర వేళ్ళల్లోకి దూరలేదు. సూది పట్టుకుంటే జారిపోయింది.

తూమక్క చూడ్డానికి వెళ్ళింది. షాపులో సగం కుట్టిన కోట్లు వేలాడుతున్నాయి. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, వాటిని ఎవరో తన దగ్గర దాచమని ఇచ్చినట్టు.

"రా వదినా. మా ఊరిని మోసే భుజాలు ఎలా ఉన్నాయి?"

ఆవిడ చేయి భుజం మీదికి పోయింది. ఆ కోటు వేసుకునే వచ్చింది మరి.

వీధి మాత్రం మున్సిపాలిటీని తిట్టింది, మురిక్కాలవల్ని తిట్టింది. ఒక్కరైనా ఆవిణ్ణి ఒక్క మాటనలేదు. పైగా, "తూమక్క ముందే ఎండబెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంకెన్ని జ్వరాలొచ్చేవో" అన్నారు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరు దోమ అన్నా ఆవిడ ఉలిక్కిపడేది. తిట్టుంటే బావుణ్ణు.

చివరికి ఆవిడే కాలేజీకి వెళ్ళి టీచరమ్మ గది ముందు నిలబడింది. గదినిండా సీసాలు, సీసాల్లో పురుగులు. "నీకు అబద్ధం చెప్పాను. ఒక్కసారే దించేశాను. జమ్మంతా నేనే కోయించాను. ఇప్పుడు చెప్పు, ఇదంతా నా వల్లేనా?"

ఆ అమ్మాయి కుర్చీ చూపించి కూర్చోబెట్టింది.

"నీళ్ళు మెల్లగా తగ్గితే పురుగులు నీళ్ళతోపాటే లోతుకి జరుగుతాయక్కా. వారానికి జానెడన్నది అందుకే. ఒక్కసారిగా దించేస్తే అంచుల్లో ఉన్నవి అక్కడే ఉండిపోయి చస్తాయి. అంచుల్లోనే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే మొక్కలున్నది అక్కడే. జమ్ము కాడలే వాటికి ఇల్లు, దాక్కునే చోటు. తూనీగ పిల్ల పెద్దదై రెక్కలు రావాలంటే కాడ పట్టుకుని పైకి ఎక్కాలి. మళ్ళీ నీళ్ళు రాగానే దోమ వచ్చి గుడ్లు పెట్టేస్తుంది, దానికి రోజులు చాలు. తూనీగకి నెలలు కావాలి. ఈలోపు దోమని తినేవాళ్ళుండరు. కుళ్ళిన జమ్ము దోమ పిల్లలకి మేత."

"అయితే నా వల్లే."

"అంత తేలిగ్గా చెప్పలేను. ఆ జ్వరం తెచ్చిన దోమ మడుగులోదేనా, కాలవలోదా, పెరట్లో తొట్టిలోదా ఎవరూ చెప్పలేరు. నీ వల్ల ఎంతో నేను కొలవలేను."

కొలిచి చెప్పుంటే ఆవిడ ఆ బరువెంతో తెలుసుకుని మోసేది. కొలత లేని బరువును ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. అది తన మీదే చెప్పారనిపించింది ఆ రోజు ఇంటికొస్తూ.

అంతలో వార్డు ఆఫీసులో మీటింగు పెట్టారు. మడుగంతటా మందు చల్లించాలని పల్లపు వీధి పట్టు. ప్లాస్టిక్ కుర్చీలు చాలక జనం గోడలకానుకుని నిలబడ్డారు. సూపర్వైజరు నల్లకళ్ళద్దాలతో ముందు వరసలో ఉన్నాడు. టీచరమ్మ లేచి, మందు చల్లితే మిగిలిన కాసిని మంచి పురుగులూ పోతాయని, మళ్ళీ దోమలే ముందొస్తాయని చెప్పబోయింది. "నీ పురుగుల మీదున్న జాలి మా పిల్లల మీద లేదా?" అని ఎవరో అరిచారు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడి కూర్చుండిపోయింది.

తూమక్క లేచింది. ముందున్న కుర్చీ పట్టుకుంది.

"ఆ అమ్మాయిని అనకండి. దోమల్ని తినే పురుగుల్ని చంపింది నేను. రూలు కాదని తెలిసి కూడా నీళ్ళు ఒక్కసారిగా దించేశాను. జమ్ము కోయించాను. మీరు మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను. దాని ఫలితమే మనం పడుతున్నాం. అంతా కాకపోయినా చాలావరకు. మందు చల్లితే అదే తప్పు ఇంకోసారి చేసినట్టు."

సూపర్వైజరు కళ్ళద్దాలు తీసి ఆవిడ వంక చూశాడు. వెనక వరసలోంచి చెల్లెలు లేచింది.

"ఎవరడిగితే చేశావో అది కూడా చెప్పు. చెప్పవేం? నలుగురిలో నువ్వు నిజాయితీపరురాలివి అయిపోదువుగాని, నేనేమో మొగుడి చేతులు పోగొట్టుకున్నదాన్ని, దానికి కారణం కూడా నేనే అయిపోనా?"

"నిన్ను అనలేదే..."

"అనక్కర్లేదు" అంది చెల్లెలు. జనాన్ని తోసుకుంటూ బయటికెళ్ళిపోయింది.

మందు మురిక్కాలవల్లో మాత్రమే చల్లాలని, మడుగు జోలికి వెళ్ళొద్దని మీటింగులో తేలింది. సూపర్వైజరు ఆవిడ జీతంలో కోత వేయించి, హెచ్చరిక కాగితం ఇచ్చాడు. "నిన్ను తీసేయాల్సింది. కానీ నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, ఏం చేయను?" అని విసుక్కున్నాడు. ఆవిడ కాగితం తీసుకుని దణ్ణం పెట్టింది. ఆ శిక్ష ఎంత చిన్నదో ఆవిడకు తెలుసు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అనుకోలేదు. కాలినా పట్టుకోవాల్సిందే అనుకుంది. కుళ్ళిన జమ్ము కుప్పల్ని టీచరమ్మ చెప్పినట్టు గట్టు మీదికి లాగించింది, కూలీలు రానిరోజు తనే లాగింది. నది తూము దగ్గరున్న లోతు కాలవ మాత్రం ఎండలేదని, అందులో పాత జీవాలు కాస్త మిగిలాయని తేలింది. అక్కడి నాచును తట్టల్లో ఎత్తుకుని, తడి ఆరకుండా, మడుగు మధ్యలో అక్కడక్కడా వదిలింది. అందులో తూనీగ పిల్లలుండేవి, నత్త గుడ్లుండేవి. జమ్ము దుంపలు తెచ్చి అంచుల్లో నాటింది. ఒక తట్ట వదిలిన ప్రతిసారీ దానివెంట ఎన్ని బతుకుతాయో, తను చంపినవాటిలో అవి ఎన్నోవంతో అని లెక్కేయబోయి, లెక్క తేలక వదిలేసేది.

చెల్లెలు మాట్లాడటం మానేసింది. మరిది మానలేదు. రోజూ సాయంత్రం ఆవిడ షాపుకెళ్ళి ఇస్త్రీ చేసేది, అతను చెప్పినచోట కత్తిరించేది. ఆవిడ కత్తిరించిన కోటు చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి. "తూము తిప్పినట్టు తిప్పకు వదినా, గుడ్డ ఇది, పారిపోదు" అనేవాడతను. నవ్వేవాడు. నవ్వుతూ నవ్వుతూ వేలు ముడవబోయి ఆగిపోయేవాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె మీద నుంచి కళ్ళెత్తేది కాదు.

కొన్నాళ్ళకు ఆవిడ వంకర కత్తిరింపులు చూడలేక చెల్లెలే కత్తెర లాక్కుంది. మొగుడు పక్కన కూర్చుని చెప్తుంటే కత్తిరించడం నేర్చుకుంది. చేయి తిరిగింది. ఏడాది గడిచేసరికి కోటు ఒంటరిగా కుట్టేయగలిగింది. "చూశావా, మంచే జరిగింది. ఇన్నేళ్ళూ వంటింట్లో మగ్గిపోయింది, ఇప్పుడు మాస్టరైంది" అని పక్కింటావిడ తూమక్కతో అంది. తూమక్క తలాడించింది గానీ ఆ మాటను ఇంటికి తీసుకెళ్ళలేదు. కాలరు దగ్గర కుట్టు ఇప్పుడు కనపడుతుంది. అది ఆవిడకు తెలుసు, మరిదికి ఇంకా బాగా తెలుసు.

మరుసటేడు మళ్ళీ వానలొచ్చాయి, మళ్ళీ చెమ్మ. ఆవిడ నీళ్ళు దించింది, వారానికి జానెడే. నేల ఆరడానికి నెలలు పట్టింది. ఆ చెమ్మకు మరిది వేళ్ళు ఇంకా బిగుసుకుంటున్నాయని విని, ఆవిడ ఒక పొద్దున్నే తన సామాను ఒక బండిలో వేసుకుని పల్లపు వీధికొచ్చింది.

"మీరు గట్టు మీదికి వెళ్ళండి. పడుకోడానికి ఆ గదులు పొడిగా ఉంటాయి. పగలు షాపుకి రండి. ఈ వెనక గదుల్లో నేనుంటాను."

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. అంతకాలం తర్వాత నేరుగా అన్న మొదటి మాట ఇది: "దీంతో తీరిపోయిందనుకోకు."

"అనుకోను."

"సరే అయితే" అంది చెల్లెలు. బండిలోంచి పరుపుకి ఒక కొస పట్టుకుంది.

అలా ఆవిడ చెమ్మ గదుల్లో కాపురం పెట్టింది. మంచం కాళ్ళ కింద ఇటుకలు. గోడకానుకుంటే వీపు తడి. పక్కింటివాళ్ళు వచ్చి, "నువ్వూ ఇక్కడే ఉంటున్నావు కదా అక్కా, నీకు తెలీదా మా బాధ? కాస్త తొందరగా దించరాదూ?" అని బతిమాలేవారు. మొదట్లో ఆవిడకు వాళ్ళ మొహం చూసి కాదనడం ప్రాణం మీదికొచ్చేది. వీళ్ళ చెమ్మ కూడా తన పాపం ఖాతాలోనే పడుతోందా అనిపించేది. అయినా కాదనేది. ఎందుకో చెప్పేది. కొందరు విన్నారు, కొందరు తిట్టుకుంటూ పోయారు. ఈసారి తిడితే కాస్త ఊరటగానే ఉండేది.

మూడో ఏట దోమలు తగ్గాయి. జమ్ము మళ్ళీ భుజాలెత్తు పెరిగింది. దాన్ని ఒకేసారి కోయకుండా ఏటా ఒక పాయ కోసేట్టు, మిగతాది పురుగులకు వదిలేసేట్టు ఆఫీసు ఒప్పుకుంది. టీచరమ్మ ట్రేలో తూనీగ పిల్లలు కనిపించిన రోజు, ఆ అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. తూమక్క చూసింది, బావుందంది. చేతులు కడుక్కుని పనిలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు ముగ్గురూ కలిసే టీ తాగుతారు, షాపులోనే, కత్తిరింపుల బల్ల మీద. మరిది ఏదో ఒకటి అంటాడు, చెల్లెలు కసురుతుంది. మొన్న ఆదివారం అతను చెప్పిన జోక్‌కి తూమక్క కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగకముందే అతని చెయ్యి కప్పు కోసం సాగింది. వేళ్ళు మడవలేక, రెండు అరచేతుల మధ్యా పట్టుకుని ఎత్తబోయాడు. ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయింది. చెల్లెలు అది చూసింది. కప్పు అతని ముందుకు జరిపి, ఇంకో కప్పులో టీ పోసి అక్క చేతికిచ్చింది.

"తాగు. చల్లారిపోతుంది."